బిళ్ళ అడుగువైపు

నెయ్యి వాసన అంత సులువుగా పోదు, సబ్బుతో ఎంత తోమినా వేళ్ళ సందుల్లో ఎక్కడో నక్కి ఉంటుంది, అసలు ఈ తిరుపతిలో నెయ్యి వాసన లేని చోటంటూ ఒకటి ఉందా అని నవీన అనుకుంటూ ఉండగానే ల్యాబు చీకటి గదిలో తెర మీద మొదటి గీత పడింది, పైఅంచున, సన్నగా, బూడిదరంగులో, దాని కింద రెండోది, ఇక మొదలైంది, ఈ బొమ్మ పైనించి కిందికి నిండాలంటే ఒక కాఫీ చల్లారి, తొరక కట్టి, ఆ తొరకని చెంచాతో తీసి పారేసేంత సేపు పడుతుంది, ఈలోపు కూర్చోవాలి, కూర్చోవడానికి ఉన్న ఒకే ఒక్క కుర్చీ గైడు సారుది, దాని వీపు మీద తల ఆనించే చోట నల్లగా నిగనిగలాడే మరక, అందుకే నిలబడింది, పొద్దున బస్సులో నిలబడినట్టే, ఆ బస్సులో ముందు సీట్లో కొత్త గుండు, గుండు మీద గంధం, గంధంలోంచి దారి చేసుకుని కారుతున్న చెమట, బ్రేకు పడినప్పుడల్లా ఆ గుండు వెనక్కి వాలి కమ్మీకి రాసుకుంటోంది, తను పట్టుకోవాల్సింది ఆ కమ్మీనే, పట్టుకోలేదు, లీలామహల్ సర్కిల్ దాకా సర్కస్ పిల్లలా రెండు కాళ్ళ మీద ఊగింది, పడతావు మ్మే, పట్టుకుంటే నీ చెయ్యేమన్నా కరిగిపోతాదా అన్నాడు కండక్టరు, టికెట్లు చింపడానికి వేలు నాలిక మీద తడి చేసుకుంటూ, ఆ తడి టికెట్టు ఇంకా తన బ్యాగులో, చేతిరుమాలు పక్కనే ఉందని గుర్తొచ్చి ఇప్పుడు ఆ చేతిరుమాలు కూడా పనికిరాకుండా పోయింది.

అయిదారు గీతలు, ఇంకా ఏమీ లేదు, ఈ భాగంలో ఏమీ ఉండదని తెలుసు, ఇదే బిళ్ళకి ఇది ఎన్నో బొమ్మో, ఏం జేస్తావు పాపా పొద్దస్తమానం ఆడ అని నాయన అడిగినప్పుడు నగరిలో ఇంట్లో మరమగ్గాల మోతలో గొంతు చించుకుని చెప్పింది, ఎలక్ట్రాన్లని సూదిమొన కంటే సన్నంగా చేసి లోహపు బిళ్ళ మీద పడేస్తాం నాయనా, ఊరికే కాదు, ఆపి వదిలి ఆపి వదిలి టకటకా, పడిన చోట వేడెక్కుతుంది, వేడెక్కితే ఉబ్బుతుంది, ఆపగానే ముడుచుకుంటుంది, ఆ ఉబ్బి ముడుచుకోవడంలో ఒక శబ్దం పుడుతుంది, మన చెవికి వినపడేది కాదు, బిళ్ళ కింద ఒక స్ఫటికం పెడతాం, అది వింటుంది, వినిందాన్ని కరెంటుగా మార్చి చెప్తుంది, లోపల పగులుంటే అక్కడ వేడి సరిగ్గా పారదు, శబ్దం మారిపోతుంది, అట్లా ఒక్కో చుక్కనీ విని, చుక్కలన్నీ పక్కపక్కన పేరిస్తే పైకి కనపడని లోపలి బొమ్మ వస్తుంది, నాయన మగ్గం ఆపి, అంటే దానికి వాతలు పెట్టి, యాడ ఎట్ల మూలుగుతాదో వింటారన్న మాట అన్నాడు, ఎంత ఒళ్ళు మండిందో, ఎందుకంటే తను చదివిన ఏ పేపర్లోనూ ఎవరూ అంత బాగా చెప్పలేదు, పక్కన చెంగమ్మవ్వ సొసైటీ కాయితం మీద వేలిముద్ర వేసి, బొటనవేలికంటిన సిరా తీరిగ్గా తల వెంట్రుకలకి తుడుచుకుని, ఆ చేత్తోనే, రా పాపా, ముద్ద కలిపి పెడతా అంది, తను ఛీ అవ్వా అంటే అవ్వకి రోషం వచ్చింది, ఏమ్మే, నీకు అన్నీ అసింగమే, చిన్నప్పుడు మగ్గం ఆడతా ఉంటే నాడెకి అడ్డం పోయి వేలు చీల్చుకున్నావే, ఆ నెత్తురు నా కొంగుకే గదా తుడిచింది, ఆ పొద్దు రాలేదా నీకు అసింగం, మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే ఆ నాడె తగిలింది ఒక నిమిషం, అవ్వ చెప్పుకోవడం ఇరవై ఏళ్ళు, ఆ రోజు తను ఆకలి లేదని చెప్పి పడుకుంది.

తెర మీద ఇప్పుడు ఒక వంపు కనపడుతోంది, లేత తెలుపు, దాని కింద దానికి సమంగా ఇంకోటి, ఈ వంపుల కోసమే ఇన్ని తిప్పలు, ఈ వంపుల వల్లే బయట వరండా బల్ల మీద సురేంద్ర పొద్దున్నించీ కూర్చునున్నాడు, తల గోడకి ఆనించి, ఆనించిన చోట సున్నం మీద ఆముదం మచ్చ గుండ్రంగా పెరుగుతోంది, ఈ కాలంలో ఆముదం ఎవడు రాసుకుంటాడు, రేణిగుంటలో రేకుల షెడ్డులో అల్యూమినియంలో ఇంకేవేవో కలిపి కరిగించి పల్చటి బిళ్ళలు పోస్తాడు, చెన్నైలో ఏదో కంపెనీ వాటిని కొంటుంది, లోపల పగుళ్ళు లేవని ల్యాబు వాళ్ళ చేత రాయించుకుని రా, ఉంటే లాటు మొత్తం వెనక్కి, ఇక నీకూ మాకూ చెల్లు అని వాళ్ళు తేల్చి చెప్పేశారు, ఇక్కడ మొదటి బొమ్మలోనే వంపులూ, వాటిని అడ్డంగా కోస్తూ ఒక తెల్లటి గీతా వచ్చి కూర్చున్నాయి, సారు చప్పట్లు కొట్టారు, పగుళ్ళే అన్నారు, సాయంత్రం ఫ్యాక్సు పోతే సురేంద్ర షెడ్డుకి తాళం, మేడం, మూసల కాడ నేనే ఉండినా, కూలోళ్ళ మీద కూడా వదల్లేదు, పగులొస్తే పోసేటప్పుడే నాకు తెలీదా, ఒక్క తూరి మళ్ళా సూడండి మేడం అని పొద్దున తలుపు పట్టుకుని నిలబడ్డాడు, జాలి అనేది వచ్చి ఉంటే బాగుండేది, వచ్చింది జాలి కాదు, ఆ తలుపు పిడిని ఇప్పుడు దేంతో తుడవాలా అన్న బెంగ, సరే చూస్తాను, నువ్వు ముందు చెయ్యి తీసి బయట కూర్చో అంది, అతను చెయ్యి తీశాడు, చూసుకున్నాడు, జేబులో పెట్టుకున్నాడు, అలా దాచుకోవడం ఎందుకో తనకి నచ్చలేదు, నచ్చకపోవడం కూడా అతని తప్పే అనిపించింది.

సారు సంగతి వేరే, ప్రేమానందం సారుకి ఈ వంపులంటే ప్రేమా ఆనందమే, ఇట్లాంటి వలయాలు ప్రపంచంలో ఎవరూ చూళ్ళేదమ్మా అంటూ స్కూటర్ తాళంతో చెవిలో తిప్పుకుని, తాళం మొన చూసుకుని, అదే మొనతో తెర మీద చూపిస్తారు, ఇదిగో ఈడ పగులు బయల్దేరింది, ఇట్ల తిరిగింది, ఈ తెల్ల గీత కాడ ఆగిపోయింది, చెన్నై సెమినార్లో వాళ్ళ నోళ్ళు మూతపడతాయి, పేపర్లో ముందు పేరు నీదే, థీసిస్సులో ఒక అధ్యాయం అయిపోయినట్టే, నవీనకి ఆ ముందు పేరు నిజంగానే కావాలి, నాలుగేళ్ళుగా ఈ గాలి లాగే పంపు నూనె కంపులో తిరిగి ఇంటికి పోతే జడలో కూడా అదే కంపు, ఏదో ఒకటి రావాలి కదా, అందుకే మొదట్లో తను కూడా పగుళ్ళే అంది, ఎంత నమ్మకంగా అందో, చేతులు కడుక్కోని కూలోళ్ళు, మురికి మూసలు, పగుళ్ళు రాక ఏమొస్తాయి అని సురేంద్ర మొహం మీదే అంది.

మూడో వంపు, నాలుగో వంపు, అన్నీ ఒకదాని లోపల ఒకటి, ఎంత స్పష్టంగా ఉన్నాయి, మధ్యాన్నం ఫ్రీక్వెన్సీ బాగా పెంచి తీసిన బొమ్మలో ఇవేవీ లేవే, పలక తుడిచినట్టు ఖాళీ, కొంచెం తగ్గిస్తే పొగలాగా లీలగా వచ్చాయి, ఇప్పుడు అట్టడుగుకి తగ్గించి పెడితే పెళ్ళి మండపం లైట్లలా వెలుగుతున్నాయి, టకటకా వేగంగా కొడితే వేడి లోతుకు పోలేక పైపైనే తచ్చాడి ఆరిపోతుంది, నిదానంగా కొడితే దిగుతుంది, దిగి దిగి అడుగు దాకా పోతుంది, అంటే ఈ వంపులు ఎంత లోతుకు పోతే అంత బాగా కనపడుతున్నాయంటే, అవి మధ్యలో లేవు, బిళ్ళ లోపలే లేవు, అడుగు ముఖం మీద ఉన్నాయి, బిళ్ళకీ స్ఫటికానికీ మధ్యన, బిళ్ళ దాటి బయట, ఏదో అంటుకుని, అది ఉన్న చోట శబ్దం చక్కగా స్ఫటికంలోకి జారుతోంది, లేని చోట తడబడుతోంది, అలాంటి పని చేసేది ఒక్కటే, జిడ్డు, వంపులు వంపులుగా, సమంగా దూరం దూరంగా ఉండే జిడ్డు, ఒకదాని లోపల ఒకటి, ఛీ, ఛీ ఛీ, ఇది వేలిముద్ర, ప్రపంచంలో ఎవరూ చూడని వలయాలు ఎవడో దరిద్రుడు చెయ్యి తుడుచుకోకుండా పట్టుకున్న బొటనవేలు, అంత పెద్దగా, అంత తెల్లగా, చెమట గుంటలతో సహా తెర నిండా వచ్చి తన మొహం మీద వాలబోతున్నట్టు, నవీన ఒక అడుగు వెనక్కి వేసింది, కుర్చీ వీపు తగిలింది, ఛీ అని మళ్ళీ ముందుకి జరిగింది.

ఎవడిది, సురేంద్రదా, ఆముదం వేలు, కాదు, అతను తెచ్చినప్పుడు బిళ్ళని రెండు వైపులా సాన పట్టించి అసిటోన్‌లో ముంచి కడిగింది తనే, మరి ఏకాంబరందా, గది ఊడ్చే ఏకాంబరం, పొగాకు నలిపిన వేళ్ళు, తను ఉండగా పరికరం దరిదాపులకి కూడా రాడు, అయితే ఇంకెవరు, ఆ రోజు, ఆ రోజు కొండ లడ్డు, అవును, సారు కొండ దిగి నేరుగా ల్యాబుకే వచ్చారు, సంచిలోంచి లడ్డు తీసి, వెంట్రుకలున్న ఆ వేళ్ళతో గుప్పిట పట్టి నలిపి విరిచి, కలకండ పలుకులు నేల మీద రాలుతుంటే, పట్టమ్మా అన్నారు, తను గ్లౌజులతో చెయ్యి చాపింది, సారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు, గ్లౌజుల్తో ప్రసాదం తీసుకుంటారా ఎవరన్నా, ఏం పిల్లవమ్మా నువ్వు, తియ్ తియ్ అన్నారు, పక్కన ఏకాంబరం కూడా, తప్పు మేడమ్మా, కళ్ళు పోతాయి అన్నాడు, కళ్ళు పోతాయో పోవో గానీ ఇద్దరు మగవాళ్ళు అట్లా చూస్తుంటే గ్లౌజులు జేబులోకి పోయాయి, అరచేతిలో ఆ ముక్క వెచ్చగా, సారు చేతి వెచ్చదనంతో, జీడిపప్పు కూడా తడిగా, కళ్ళకద్దుకుంది, తినలేదు, ఆ ముక్క తన నోట్లోకి పోలేదు, అది మాత్రం ఎవరు అడిగినా ఒట్టేసి చెప్తుంది, సారు అటు తిరగ్గానే టిష్యూలో చుట్టి ఏకాంబరానికి ఇచ్చేసింది, అయ్యో మేడమ్మా అని అతను అక్కడే నోట్లో వేసుకుని వేళ్ళు కూడా నాకాడు, ఆ నాకడం చూసి వారం రోజులు అన్నం సయించలేదు, అంటే సారే, నెయ్యి చేతుల సారు, ఇంకో అనుమానం లేదు, ఆ మాట ఎట్లా చెప్పాలో నవీన అప్పుడే మనసులో వాక్యాలు పేర్చుకోవడం మొదలుపెట్టింది, సార్, మీ వలయాలు కొండ మీదివి సార్, కాదు, అంత వెటకారం వద్దు, సార్, నెయ్యి నాణ్యమైనదే సార్, చాలా రోజులైనా వాక్యూమ్‌లో కూడా చెక్కుచెదరలేదు.

తలుపు తెరుచుకుని వరండా వెలుతురు చారలాగా పడింది, ఇంకా దాన్నే పట్టుకోని ఉండావా అని సారు లోపలికొచ్చారు, నోట్లో వక్కపొడి, రిపోర్టు టైపు అయిపోయిందమ్మా, నీ సంతకం ఒక్కటే బాకీ, ఆ పిల్లోడు బయట మొహం వేలాడేసుకోని కూర్చోనుండాడు, వాణ్ణి చూస్తే నాకే టీ తాగబుద్ధి కాలేదు అన్నారు, సార్ ఇవి పగుళ్ళు కావు, అడుగున ఎవరిదో వేలిముద్ర, నెయ్యి అంది నవీన, పేర్చుకున్న వాక్యాల్లో ఒక్కటీ రాలేదు, సారు నమలడం ఆపారు, తెరకి దగ్గరగా వంగారు, వంగి చూసి, చాలాసేపు చూసి, అబ్బా, అవునే అన్నారు, తర్వాత నవ్వారు, ఎవురిదంటావు, నాదంటావా, ఆ మొహం సూస్తేనే తెలస్తా ఉండాది నాదనే అనుకుంటా ఉండావని, నాకు ఎప్పుడన్నా దీన్ని ముట్టుకోనిచ్చినావా తల్లీ, సూడు ఆడ ఏం రాసి అంటించినావో, పరికరం నుదుటి మీద తను పెద్ద పెద్ద అక్షరాలతో రాసి టేపు వేసి అంటించిన కాగితం, నవీన తప్ప ఎవరూ ముట్టరాదు, ఆ మాటకొస్తే ప్రసాదం ఇచ్చేసి నేను మీటింగుకి పోలేదా, నువ్వు బిళ్ళ ఎక్కించినప్పుడు నేను ఈడ ఉండింది యాడ అని, సారు గొంతు తగ్గించి, సరే, ఎవురిదో ఒకరిది, ఎవురికి తెలస్తాదమ్మా, బొమ్మ బాగుండాది, ముందు పేరు నీది, ఆ పిల్లోడి బిళ్ళలు కాకపోతే ఇంకొకరివి కొంటారు చెన్నైవోళ్ళు, లోకం మునిగిపోదు, నేను క్యాంటీన్ దాకా పోయొస్తా, వచ్చేలోపల సంతకం పెట్టి పెట్టు అని భుజం తట్టబోయి, తను ఎట్లాంటి పిల్లో గుర్తొచ్చి, చేతిని గాల్లోనే ఆపి, తీసుకుని వెళ్ళిపోయారు.

అసహ్యం ఇంతకంటే పైకి పోదేమో అనుకుంది, చెవిలో తిప్పిన తాళం కంటే, తడి టికెట్టు కంటే, వేళ్ళు నాకిన ఏకాంబరం కంటే, ఎవరికి తెలుస్తుంది అన్న ఆ గొంతే ఎక్కువ జిడ్డుగా ఉంది, చెవిలోంచి పోవడం లేదు, ఈ మనిషి దగ్గరా తను నాలుగేళ్ళు, పోయి చెప్పేస్తే, హెడ్డుకి చెప్పేస్తే, సారు వేలు సార్ అది, కానీ ఆ రోజు సారు లేరట, మీటింగుకి పోయారట, పోయారా, పోయారు, స్కూటర్ చప్పుడు వినపడింది, అప్పుడు బిళ్ళ ఇంకా ఎక్కలేదు, బిళ్ళ ఎక్కింది తర్వాత, కరెంటు పోతుందని ఏకాంబరం చెప్పాక, మేడమ్మా, లైన్లో పని ఉండాదంట, ఇంకో గడియలో తీసేస్తారంట అన్నాక, పంపు ఆలోగా గాలంతా లాగెయ్యాలి, తొందర, మూత తీసి ఉంది, బిళ్ళ సిద్ధంగా ఉంది, బిళ్ళ ఎక్కింది, పంపు మొదలైంది, ఈ మధ్యలో ఎవరి చేతులున్నాయి, తెర మీద బొమ్మ మూడొంతులు నిండింది, ఇప్పుడు ఆ తెల్ల గీత రావాలి, వస్తోంది, వంపులన్నిటినీ అడ్డంగా నరికేస్తూ, పగులు ఇక్కడే ఆగిందని సారు చెప్పే గీత, అంత తిన్నగా ఏ మనిషి వేలి మీదా ఉండదు కదా, ఉండదు, పుట్టుకతో ఉండదు, తర్వాత వస్తే ఉంటుంది, గీతకి ఈ పక్కా ఆ పక్కా చిన్న చుక్కలు, జతలు జతలుగా, ఎదురెదురుగా, ఇవి ముందు బొమ్మల్లో ఇంత తేటగా లేవు, కుట్లు, కుట్లు వేసిన చుక్కలు, నగరి ఆసుపత్రిలో మత్తు కూడా సరిగ్గా ఇవ్వకుండా కుట్టిన చుక్కలు, అవ్వ కొంగు నెత్తురు, నాడె, ఇనుప మొన, నవీన కుడి చెయ్యి ఎత్తి తెర వెలుతురులో పెట్టింది, బొటనవేలు, వంపులు, వంపుల మీద తెల్లటి గీత, గీతకి రెండు పక్కలా చుక్కలు.

తినలేదు, అందుకే, తినలేదు కాబట్టి తన చెయ్యి శుభ్రం అనుకుంది, అంతే, అంత సులువుగా, లడ్డు ముక్క విడిపోకుండా బొటనవేలితో అదిమి పట్టుకుంది తనే, టిష్యూకి ఒకసారి పొడిగా తుడుచుకుని, కరెంటు పోతుందని, గ్లౌజులు జేబులో ఉన్నాయని కూడా మర్చిపోయి, బిళ్ళని కింద బొటనవేలితో ఆనించి పట్టుకుని, పైముఖం మాత్రం అసిటోన్‌తో ఎంత శ్రద్ధగా, ఎంత భక్తిగా, అద్దంలా తన ముక్కు కనపడేదాకా తుడిచింది, పైముఖం, కనపడేది, అడుగువైపు తన వేలు అంటుకునే ఉండగా, ఆ తర్వాత మూత వేసి, గ్లౌజులు తొడుక్కుని, గ్లౌజులు తొడుక్కోవడం మాత్రం జ్ఞాపకం ఉంది, అది మాత్రం భద్రంగా దాచుకుంది, సురేంద్రతో చేతులు కడుక్కోని కూలోళ్ళు అన్నప్పుడు ఆ గ్లౌజుల వేళ్ళతోనే తెర మీద చూపించింది, అతనేమో పొద్దున చెయ్యి జేబులో దాచుకున్నాడు, ఇప్పుడు ఎవరి మీద ఛీ అనాలో వెతికితే గదిలో ఎవరూ లేరు, కుర్చీ ఉంది, పంపు ఉంది, ఆఖరి గీత పడి బొమ్మ నిండింది.

అయిందా మేడం అని సురేంద్ర గడప అవతల నుంచే అడిగాడు, తలుపు ముట్టుకోకుండా, లోపలికి రా అంది, అతను ఆ అంటించిన కాగితం వైపు చూశాడు, పర్లేదు రా, వచ్చి చూడు అంది, వచ్చాడు, చేతులు వెనక్కి కట్టుకుని ఎవరింటి పూజగదిలోకో వచ్చినట్టు వంగి చూశాడు, ఇదేంది మేడం, వేలు మాదిరి ఉండాదే అన్నాడు, వేలే అంది, ఎవురిది మేడం, నాది, నీ బిళ్ళకి ఏమీ లేదు, నా చెయ్యే జిడ్డు, రేపు కడిగి మళ్ళీ తీసి రాసిస్తాను, చెన్నైకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్తాను, కూలోళ్ళని నేనన్న మాట కూడా తప్పే అంది, సురేంద్ర ఒకసారి తెర వంకా ఒకసారి తన చేతి వంకా చూసి, ఆ గీత ఏంది మేడం, తెగిందా అని మాత్రం అడిగాడు, ఎవరో పసిపిల్లని అడిగినట్టు, చిన్నప్పుడు మగ్గంలో వేలు పెట్టినా అంది, సారు టైపు చేయించిన రిపోర్టు బల్ల మీద ఉంది, సంతకం చోటు ఖాళీగా ఉంది, పెన్ను పక్కనే ఉంది, పెట్టక్కర్లేదు, ఆ కాగితానికి తను ఎప్పుడో వేలిముద్ర వేసేసింది, ఇక చింపడమే, చింపింది, పేపరూ పోతుంది, ముందు పేరూ పోతుంది, సారు క్యాంటీన్ నుంచి వచ్చి ఎంత గోల చేస్తారో చేస్తారు, చింపిన బొటనవేలు మాత్రం మళ్ళీ గాల్లోనే ఉంది, ఎక్కడ తుడుచుకోవాలో తెలీక, చేతిరుమాలు బ్యాగులో టికెట్టు పక్కన ఉంది, టిష్యూలు అయిపోయాయి, నవీన ఆ వేలిని మెల్లగా తీసుకుపోయి చెవి పైన వెంట్రుకలకి తుడుచుకుంది, అచ్చం చెంగమ్మవ్వ లాగా, సిరా లేదు, నెయ్యి లేదు, అయినా తుడుచుకుంది, ఇన్నేళ్ళూ లోకంలో చేతులన్నీ అసింగమని తను గ్లౌజులు వేసుకుంది, ఆ గ్లౌజుల లోపల ఉన్నది కూడా చెయ్యే.